అంచుల దాకా వెన్న

మార్చి 4, సోమవారం

మేనేజర్ బరువు 38.4 కిలోలు. పశువుల ఆసుపత్రిలో వాణ్ని త్రాసు ఎక్కించడానికి నేను, అక్కయ్య, కాంపౌండరు, ఒక క్యారెట్ ముక్క కావలసి వచ్చింది. క్యారెట్ వల్ల ఒరిగిందేమీ లేదు.

కుక్కకి ఈ పేరేమిటి సార్ అని కాంపౌండరు అడిగాడు. పగలంతా నిద్రపోతాడు, భోజనాల వేళకి లేచి అరుస్తాడు, ఎవరైనా పని చేసుకుంటుంటే వచ్చి అడ్డంగా పడుకుంటాడు, ఇంకేం పేరు పెట్టమంటావన్నాను. నిజానికి పేరు పెట్టింది మా ఆవిడ. అప్పట్లో వాళ్ల ఆఫీసులో మేనేజరు అచ్చం ఇలాగే ఉండేవాడట, తోక ఒక్కటే తక్కువ.

డాక్టరమ్మ వాడి వెనక ఎడమకాలు వంచి చూసింది. మోకాలి దగ్గర నరంలాంటిదేదో తెగిందట. ఆపరేషన్ చేస్తే నడుస్తాడు.

"కానీ ఈ బరువుకి మత్తిస్తే ప్రమాదం సార్. ఇచ్చినా ఆ మోకాలు నిలవదు. ఎనిమిది వారాల్లో ముప్పై నాలుగుకి దించండి, చేస్తాను."

"దిగకపోతే?"

"బరువంతా కుడికాలు మీద పడుతోంది. కొన్నాళ్లకి అదీ తెగుతుంది. లేవలేని కుక్కని ఏం చెయ్యాలో అప్పుడు మీరే చెప్పాలి నాకు."

ముప్పై రెండేళ్లుగా తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌ని. బజార్లో నా చెప్పుల చప్పుడు వినబడితే తక్కెడలు వాటంతట అవే సరవుతాయని పేరు. బరువు గురించి ఈ పిల్ల నాకు చెబుతోంది!

వాడి నోట్లోకి వెళ్లేదంతా రాయమంది. ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించాను. అందులో పట్టని సంగతులకి ఈ పుస్తకం. ఇది ఆవిడ బజారు చీటీలు రాసుకున్నది. సగం ఖాళీగానే ఉంది కాబట్టి వెనకవైపు నుంచి మొదలుపెట్టాను. ముందు పేజీలు చూడలేదు. సరుకుల జాబితాల్లో చూడ్డానికి ఏముంటుంది?

మార్చి 5, మంగళవారం

పొద్దున టీ, నాలుగు బ్రెడ్ ముక్కలు, అంచులు మామూలే. తర్వాత మేనేజర్‌కి తూకం వేసి నూట అరవై గ్రాముల కుక్క తిండి. సాయంత్రం ఇంకో నూట అరవై. మధ్యలో చిరుతిండి కింద క్యారెట్, కీరా, ఉడికించిన బీన్స్. ఉప్పు లేదు, నూనె లేదు, దయ లేదు.

వంటింటి త్రాసుని ఆఫీసు నుంచి తెచ్చిన ముద్ర రాళ్లతో సరిచూశాను. ఇన్నేళ్లూ ఆ త్రాసు మూడు గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. అక్కయ్యకి చెప్తే, "నేను పప్పు దానిమీద తూచను, నా చేతిమీద తూస్తాను" అంది. ఇలాంటి మనుషుల మధ్య చట్టం ఎలా అమలవుతుంది?

మార్చి 7, గురువారం

కుక్కల తిండి దుకాణానికి వెళ్లాను, మేనేజర్‌ని తీసుకుని. బీరువా సైజు ప్యాకెట్ ఒకటి, దానిమీద తోడేలు బొమ్మ. "మీ కుక్కలో నిద్రపోతున్న తోడేలుని లేపండి" అని రాసి ఉంది. నిద్రపోతున్నది నిజమే. బొమ్మని చూడగానే మేనేజర్ వచ్చి నా కాళ్ల మధ్య దాక్కున్నాడు.

పళ్లకి మంచివి, కీళ్లకి మంచివి, మనసుకి మంచివి అంటూ షాపాయన ఏవో పుల్లలూ ఎముకలూ పరిచాడు. వెనక్కి తిప్పి చదివితే ప్రతి దానిలోనూ రెండో స్థానంలో చక్కెర. "ఇది కుక్కకా, పెళ్లివారికా?" అన్నాను.

"సార్, ఇది చూడండి, చక్కెర సున్నా. చిలగడదుంప, అంతే. మనుషులు కూడా తినొచ్చు."

"అయితే తిను."

తిన్నాడు. నా యూనిఫాం చూసి తిన్నాడో, వ్యాపారం మీద ప్రేమతో తిన్నాడో తెలీదు. అయిదు నిమిషాలు నమిలాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత రుచిలేనిది ఆరోగ్యానికి మంచిదే అయ్యుండాలని రెండు ప్యాకెట్లు తెచ్చాను. ఇంటికొచ్చి తూస్తే రెండూ సరిగ్గా ఉన్నాయి. కాస్త నిరాశ కలిగింది.

మార్చి 11, సోమవారం

38.2. రెండొందల గ్రాములు తగ్గాడు. అది తగ్గడం కాదు, ఆసుపత్రి గేటు దగ్గర ఒంటికి పోసిందంతేనని అక్కయ్య.

మార్చి 12

బీన్స్ తిన్నాడు. నా మొహంలోకి చూస్తూ ఒక్కొక్కటే తిన్నాడు. కోర్టులో కూడా నన్నెవరూ అలా చూడలేదు.

మార్చి 16, శనివారం

పట్టుకున్నాను! అక్కయ్యే. మధ్యాహ్నం ఆఫీసు నుంచి చెప్పకుండా వచ్చి వంటింటి తలుపు తీస్తే, ఉడికిన గుడ్డు సగం తన చేతిలో, సగం మేనేజర్ నోట్లో.

"ఇదేంటక్కయ్యా?"

"గుడ్డు."

"గుడ్డని తెలుసు. వాడికెందుకు పెడుతున్నావ్?"

"గుడ్డు తిండి కాదురా, బలం. కాలు విరిగినవాడికి బలం వద్దా?"

ముప్పై అయిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేసింది. ఉద్యోగం నుంచి రిటైరైంది కానీ ఆ గొంతు రిటైర్ కాలేదు. రెండు వారాలుండి వెళ్తానని అక్టోబర్లో వచ్చింది. తర్వాత తన దిండు వచ్చింది, తర్వాత తన మిక్సీ వచ్చింది. ఎందుకొచ్చావని నేనడగలేదు, ఎప్పుడెళ్తావనీ అడగలేదు. నాకు తోడెందుకు? నేను బాగానే ఉన్నాను.

గుడ్డు రద్దు. ఫ్రిజ్ మీద కాగితంలో రాసి సంతకం పెట్టించాను. సంతకం చేసి దాని కింద ఎర్రపెన్నుతో నా స్పెల్లింగులు దిద్దింది.

మార్చి 18, సోమవారం

38.2. గుడ్డు మానేసినా అదే.

రెండో ముద్దాయి దొరికాడు: పక్కింటి దర్జీ. గోడ మీంచి బిస్కెట్లు. అడిగితే, "రోజుకి ఒక్కటే సార్, అదీ సగం విరిచి" అన్నాడు. మిగతా సగం ఏమైందంటే దాన్ని కూడా కాసేపాగి వేస్తాడట. రెండూ కలిపితే ఒకటే కదా సార్ అని నాకే లెక్క చెప్పాడు. ఇకనుంచి కీరా ముక్కలు వెయ్యమని డబ్బా ఇచ్చి వచ్చాను.

ఇవాళ బజార్లో కూడా ఒకణ్ని పట్టుకున్నాను, చేపల కొట్టతణ్ని. పళ్లెం అంచున చిటికెనవేలు ఆనించి తూస్తున్నాడు. చూపిస్తే బిత్తరపోయి, "నా వేలు అక్కడుందని నాకే తెలీదు సార్" అన్నాడు. అందరూ ఇదే పాట. సొంత వేలు ఎక్కడుందో తెలియని మనిషి ఉంటాడా?

మార్చి 19

అంచులు మామూలే. మేనేజర్‌కి నూట అరవై. ఫోన్లో అమ్మాయి ఎలా ఉన్నావు నాన్నా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ మేనేజర్ బరువు చెప్పాను.

మార్చి 25, సోమవారం

38.3!!

గుడ్డు లేదు. బిస్కెట్ లేదు. చెత్తబుట్టకి మూత, ఆ మూత మీద ఇటుక. అయినా వంద గ్రాములు పెరిగాడంటే రెండే కారణాలు. ఒకటి, ఈ కుక్క గాలి తిని బతుకుతోంది. రెండు, ఆ ఆసుపత్రి త్రాసు తప్పు.

మార్చి 26, మంగళవారం

ముద్ర రాళ్ల పెట్టె పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను, యూనిఫాంలో.

"ఏంటి సార్, నా త్రాసు మీద అనుమానమా?" అంది డాక్టరమ్మ.

"అనుమానం కాదమ్మా, తనిఖీ."

ఇరవై కిలోల రాయి పెడితే ఇరవై చూపించింది. రెండోది పెడితే నలభై. నాలుగు మూలల మీదా పెట్టి చూశాను, వెన్ను పట్టేసింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. నా సర్వీసులో ఇంత నిక్కచ్చి త్రాసు నాలుగైదుకి మించి చూడలేదు. మామూలుగానైతే మెచ్చుకునేవాణ్ని.

"త్రాసు అయింది కదా సార్. ఇంక ఇంట్లో వాళ్లని తనిఖీ చెయ్యండి. ఎవరో పెడుతున్నారు."

బెంచీ మీద పిల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లి ఆ మర్యాద కూడా పాటించలేదు.

మార్చి 27

ఎవరితోనూ మాట్లాడలేదు. అంచులు మామూలే.

మార్చి 30, శనివారం

మేనేజర్ మెట్లమీద పడ్డాడు. మూడే మెట్లు. పడి, లేవడానికి రెండుసార్లు చూసి, లేవలేక, ఏదో తప్పు చేసినవాడిలా తోక ఆడించాడు. కుడికాలు వణుకుతోంది, మంచికాలు. కింద దుప్పటి వేసి నేనూ దర్జీ చెరోవైపు పట్టుకుని పైకి తెచ్చాం. దర్జీ కళ్లు తుడుచుకుంటూ, "ఒట్టు సార్, కీరాయే వేస్తున్నాను" అన్నాడు.

లోపలికొచ్చి నోటికొచ్చినట్టల్లా అన్నాను. అలమారాలకి తాళాలు వేశాను. ఈ ఇంట్లో నా వెనక ఏదో జరుగుతోందని, ప్రేమ పేరుతో వాణ్ని చంపుతున్నారని అక్కయ్య మొహం మీదే అన్నాను.

తను అరవలేదు. అరిస్తే బాగుండేది.

"మరదలు పోయాక నువ్వు ఒక్కడివీ ఈ టేబుల్ దగ్గర కూర్చుని తినలేవేమోనని వచ్చానురా. అయిదు నెలలైంది. ఆ కుక్కంటే నీకొక్కడికే ప్రాణమా? వచ్చే ఆదివారానికి అమ్మాయొస్తుందిగా, తనకి అప్పజెప్పి వెళ్తా."

గదిలోకి వెళ్లి సూట్‌కేసు దించింది. నేను ఆపలేదు. నిజాయితీగల అధికారికి బంధువులుండరు.

ఈ వాక్యం రాసి చదువుకుంటే నాకే వెగటుగా ఉంది.

ఏప్రిల్ 1, సోమవారం

38.1. కుడికాలికి కట్టు కట్టింది. "ఇంకెంతో కాలం ఆగదు సార్" అంది డాక్టరమ్మ. దారిలో వాడికి కిటికీ అద్దం దించాను. తల బయటపెట్టి హాయిగా గాలి పీలుస్తున్నాడు. వాడికేం తెలుసు? వాడు పోతే ఆవిడ పెంచినదంటూ ఇంట్లో ఏదీ ప్రాణంతో ఉండదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

ఏప్రిల్ 7, ఆదివారం

దొంగ దొరికాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను, రిపోర్టులాగా. అమ్మాయి నిన్న సాయంత్రమే వచ్చింది. పొద్దున ముగ్గురం టేబుల్ దగ్గర కూర్చున్నాం. వాకిట్లో అక్కయ్య సూట్‌కేసు. అక్కయ్య నాతో మాట్లాడ్డం లేదు కాబట్టి నాకు చెప్పాల్సినవన్నీ అమ్మాయికి చెబుతోంది. అమ్మాయి ఫ్రిజ్ మీది కాగితాలు తీసి చదువుతోంది.

"నాన్నా, ఇందులో అంతా ఉందా?"

"గ్రాముతో సహా. దర్జీ వేసిన కీరా కూడా ఉంది. అయినా తగ్గడం లేదంటే చాటుగా ఎవరో పెడుతున్నారు. నీకు తెలీదమ్మా, దొంగలు ఎంత తెలివిమీరిపోయారంటే..."

చేపల కొట్టతని సంగతి చెబుతున్నాను. తను వినడం లేదు, కిందికి చూస్తోంది.

"నాన్నా. నీ చేతిలో ఏంటి?"

"ఎక్కడ?"

"టేబుల్ కింద."

చూసుకున్నాను. "అంచులు."

"ఎవరికిస్తున్నావ్?"

"ఎవరికీ ఇవ్వడం లేదు. అవి మీ అమ్మవి."

అన్న తర్వాతే విన్నాను, నేనేమన్నానో.

అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. చాలాసేపు నీళ్ల చప్పుడే. అక్కయ్య కప్పు కింద పెట్టింది. మేనేజర్ మాత్రం నా వేళ్లలోంచి అంచు అందుకుని, రోజూలాగే, నెమ్మదిగా, ఆవిడ కుర్చీ పక్కన కూర్చుని తిన్నాడు.

నేను బ్రెడ్ అంచులు తినను. చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్లైన కొత్తలో నేను కోసి పక్కన పెడితే ఆవిడ చెయ్యి చాపింది. ముప్పై ఒక్క ఏళ్లు అలా చాపుతూనే ఉంది. తర్వాత చాపే చెయ్యి లేదు. ఆ వైపు మూతి ఒకటి ఉంది. అది పెట్టడం అని నాకెప్పుడూ తోచలేదు. పెట్టేది మనదైతే కదా.

నాలుగు ముక్కల అంచులు కోసి త్రాసు మీద పెట్టాను. వెన్న అంచుల దాకా రాస్తాను, అంచుల మీద ఇంకాస్త మందంగా, ఆవిడ అలాగే రాయమనేది. తొంభై నాలుగు గ్రాములు.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"రోజూనా సార్?"

"రోజూ."

"ఎన్నాళ్ల నుంచి?"

"అయిదు నెలల పదిహేడు రోజుల నుంచి."

లెక్క కట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది, అది వాడి రోజు తిండిలో మూడో వంతు కంటే ఎక్కువని. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఈ మధ్య ఎవరూ అవసరమైనప్పుడు తిట్టడం లేదు.

వాకిట్లోకి వెళ్లి సూట్‌కేసు లోపలికి తెచ్చాను. ఇనప సామాను ఉందో ఏమో, పాతిక కిలోలకి తక్కువుండదు.

"అక్కయ్యా, దొంగ దొరికాడు."

"చూశాగా. శిక్షేంటి మరి?"

"రేపట్నుంచి ఓట్స్."

"వాడికా?"

"నాకు."

"సరిపోదు. తాళాలు కూడా తియ్యి" అంది.

ఏప్రిల్ 8

ఓట్స్ తిన్నాను. గోడకి కాగితాలంటించే జిగురు కూడా ఇంతకంటే రుచిగా ఉంటుంది. మేనేజర్ వచ్చి ఆవిడ కుర్చీ పక్కన కూర్చున్నాడు. క్యారెట్ ఇచ్చాను. నోట్లోంచి తీసి నా పాదం మీద పెట్టి మళ్లీ కూర్చున్నాడు.

ఏప్రిల్ 9

కూర్చున్నాడు.

ఏప్రిల్ 10

కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఇద్దరం ఆ కుర్చీనే చూశాం. ఓట్స్‌లో ఉప్పెక్కువైందని అక్కయ్యతో అన్నాను. తను నిన్నటి నుంచి ఉప్పే వెయ్యడం లేదట.

ఏప్రిల్ 13, శనివారం

క్యారెట్ నమిలాడు. గుర్తుపెట్టుకుంటాను అన్నట్టు చూస్తూ నమిలాడు.

చేపల కొట్టతని దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తాడు. "నీ వేలు అక్కడుందని నిజంగానే తెలీదా?" అని అడిగాను. "పిల్లల మీదొట్టు సార్" అన్నాడు. రాసిన కేసు వెనక్కి తీసుకోలేను. కానీ నమ్ముతున్నానని చెప్పాను. అతను కేసుకంటే దానికే ఎక్కువ భయపడ్డాడు.

ఏప్రిల్ 29, సోమవారం

36.5. గడువు ఇవాళ్టితో అయిపోయింది. చేతులు కట్టుకుని నిలబడ్డాను, ముద్ర రాళ్లు లేకుండా. డాక్టరమ్మ కుడికాలు వంచి చూసి, "ఇదింకా గట్టిగానే ఉంది. ఇంకో అయిదు వారాలిస్తా" అంది. ఇంటికొచ్చే దారిలో అక్కయ్య వాడి తలమీద ముద్దుపెట్టుకుంది. ముద్దుకి బరువు లేదు కాబట్టి కాగితంలో రాయలేదు.

మే 20, సోమవారం

34.9. దర్జీ తనే అడిగి మరీ కీరాతో పాటు బీన్స్ కూడా కోస్తున్నాడు, పెద్ద కత్తెరతో. అన్నీ ఒకే కొలత. చూసి నేర్చుకోమని అక్కయ్యకి చెప్పి తిట్లు తిన్నాను.

జూన్ 3, సోమవారం

34.1.

వంద గ్రాములు ఎక్కువ. మెడపట్టీ తీసేసి మళ్లీ ఎక్కించమన్నాను. మళ్లీ అంతే. డాక్టరమ్మ ఆ అంకె వంకా నా వంకా చూసింది.

"సార్, మీ చట్టంలో కాస్త తేడా అనుమతిస్తారు కదా?"

"అనుమతిస్తాం."

"నేనూ అనుమతిస్తా. బుధవారం పొద్దున తీసుకురండి."

జూన్ 5, బుధవారం

రెండు గంటల పది నిమిషాలు. బెంచీ మీద ఒకవైపు అక్కయ్య, ఒకవైపు అమ్మాయి. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను బాగానే ఉన్నానని చెప్పబోయి మానేశాను. భయంగా ఉందన్నాను. తనకీ భయంగానే ఉందట. ఆ మాట తర్వాత కాస్త ఊపిరాడింది.

బతికాడు. మెలకువ రాగానే చేసిన మొదటి పని కాంపౌండరు టిఫిన్ డబ్బా వైపు చూడ్డం.

జూలై 14, ఆదివారం

ఇవాళ మేనేజర్ తన గుడ్డ మీంచి లేచి, నాలుగు కాళ్లూ నేలకి ఆనించి, హాలు దాటి టేబుల్ దగ్గరికి నడిచి వచ్చాడు. వచ్చి ఆవిడ కుర్చీ పక్కన కూర్చున్నాడు. ఎడమకాలు ఇంకా కాస్త దాచుకుంటున్నాడు, అంతే.

ఈ సందర్భానికి ఓట్స్ ఏమిటని బ్రెడ్ తెప్పించాను. నాలుగు ముక్కలు. వెన్న అంచుల దాకా రాశాను, వేరేలా రాయడం నాకు చేతకాదు. అంచులు కోశాను. కోశాక పళ్లెంలో పదహారు ముక్కలున్నాయి. చాపిన చెయ్యి లేదు. మూతి ఉంది కానీ దానికి క్యారెట్ మాత్రమే. పారెయ్యడానికి చేతులు రాలేదు.

ఒకటి నోట్లో పెట్టుకున్నాను.

కరకరలాడింది. కాస్త మాడిన వాసన, కాస్త ఉప్పు, వెన్నంతా అక్కడే. రెండోది తిన్నాను. తర్వాత మధ్య ముక్క తిన్నాను, ముప్పై ఒక్క ఏళ్లుగా నేను తింటున్నది. దూది.

పాపం, నా కోసం అంచులు తింటోందని ఇన్నేళ్లూ అనుకున్నాను. నలుగురిలో చెప్పుకునేవాణ్ని కూడా, మా ఆవిడకి ఏదైనా ఫర్వాలేదు, సర్దుకుపోతుంది అని. అంచుల దాకా రాయండి, ఇంకాస్త, ఇంకాస్త అని రోజూ పక్కన నిలబడి రాయించుకుంది. పుస్తకం ముందు వైపు తిప్పి చూశాను. ప్రతి వారం చీటీలోనూ వెన్న. ప్రతిసారీ కింద రెండు గీతలు. సాక్ష్యం లిఖితపూర్వకంగా ఉంది. బజారంతా గాలించాను, దొంగ రోజూ నా ఎదురు కుర్చీలోనే కూర్చుని తింది.

నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అక్కయ్య గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. చెప్పాను.

"ఇప్పుడా తెలిసింది నీకు?" అంది. "పెళ్లైన వారానికే చెప్పింది నాతో. ఆయనకి చెప్పకండి వదినా, తెలిస్తే పంచుకోవాల్సొస్తుంది అంది."

మేనేజర్ క్యారెట్ నములుతూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మిగిలిన అంచులన్నీ నేనే తిన్నాను. అక్కయ్య చెయ్యి చాపింది, ఇవ్వలేదు.